ముడి వేసేదెవరు?



మాస్టారి పేరిట ఉపన్యాసం ఇమ్మని ఉత్తరం వచ్చినప్పుడు, దేని గురించి మాట్లాడాలా అని నేను వెతుక్కోలేదు. విషయం ఆయనే ఇచ్చిపోయారు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఒక మధ్యాహ్నం పాలిథీన్ పాఠం చెబుతున్నారు. బోర్డు మీద బ్రాకెట్లు గీసి, లోపల రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు వేసి, బ్రాకెట్టు బయట కింద చిన్న 'ఎన్' రాశారు. మేమంతా దాన్ని బుద్ధిగా ఎక్కించుకున్నాం. ఆయన సుద్దముక్క ఆ 'ఎన్' మీద ఆనించి, "ఇది ఎంతరా?" అన్నారు. ఒకడు వెయ్యి అన్నాడు, ఒకడు పదివేలు అన్నాడు. "సరే, వెయ్యే అనుకుందాం. మల్లెమాల కట్టే మనిషికి ఎక్కడ ఆపి ముడి వెయ్యాలో తెలుసు. మూర అయిందా, రెండు మూరలు అయిందా కొలుచుకుంటుంది. మరి ఇక్కడ వెయ్యి దగ్గర ముడి వేసేదెవరు?" అని అడిగారు. గంట కొట్టారు. మేం లేచిపోయాం.

నేను ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని పాలిమర్ ప్రయోగశాలలోకి వెళ్ళాను. అది నన్ను ఉద్యోగం నుంచి రిటైరయ్యేదాకా వదల్లేదు. ఈ సాయంత్రం చెప్పబోయేది ఆ ప్రశ్నకు మన శాస్త్రం సంపాదించుకున్న జవాబు. ఆ జవాబు చాలామంది చేతుల్లో తయారైంది. అందరికంటే ముందు తలచుకోవలసిన మనిషి మాత్రం మైఖేల్ ష్వార్ట్స్.

మొదట మామూలు పద్ధతిలో ముడి ఎలా పడుతుందో చూద్దాం. స్టైరీన్ తీసుకోండి. అందులో కొంచెం పెరాక్సైడ్ వేసి వేడిచేస్తే, అది విరిగి ఫ్రీ ర్యాడికల్స్ పుడతాయి. ర్యాడికల్ అంటే జంట లేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్క. అది ఒక స్టైరీన్‌ని పట్టుకుంటుంది. ఆ ఒంటరితనం కొత్తగా చేరిన స్టైరీన్ చివరికి జరుగుతుంది. అది ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ఇలా వందలు, వేలు చేరడానికి పట్టే కాలం సుమారు ఒక్క సెకను. ఈలోగా ఎదురుగా ఇంకో ర్యాడికల్ తగిలితే రెండు ఒంటరి ఎలక్ట్రాన్లూ జతకడతాయి. అంతే, రెండు గొలుసులూ చచ్చిపోయాయి. ఆ ముడి ఎవరూ కొలిచి వేసింది కాదు, తోవలో ఎదురుపడ్డందుకు పడిన ముడి. మనం ఫ్లాస్కు ముందు పొద్దుటినుంచి కూర్చుని ఉంటాం, లోపల ప్రతి క్షణం కొన్ని గొలుసులు పుట్టి కొన్ని పోతూ ఉంటాయి. సాయంత్రం బయటికి తీసిన తెల్లటి పాలిమర్‌లో ఎన్నో తరాల శవాలు ఉంటాయి.

అందుకని ఆ 'ఎన్' ఒక అంకె కాదు, సగటు. సగటు ఎంత మోసం చెయ్యగలదో చూడండి. సగటు పొడుగు 1000 మోనోమర్లు, అంటే గొలుసులో చేరే విడి అణువులు 1000 అనుకుందాం. ఎదుగుతున్న గొలుసుకు ప్రతి అడుగులోనూ ఒకే మోతాదు ప్రమాదం ఉంటే, పది గొలుసుల్లో దాదాపు ఒకటి 100 కూడా దాటకుండానే ముగిసిపోతుంది. ఇరవైలో ఒకటి 3000 దాటిపోతుంది. ఇది కాగితం మీద వేసుకోగలిగిన లెక్కే. అన్నిటినీ కలిపి మనం 'పాలిస్టైరీన్' అని ఒకే పేరు పెట్టి అమ్ముతున్నాం. నూటికి తొంభై పనులకు అది చాలు. టీకప్పుకీ, ప్యాకింగుకీ అంతకంటే అక్కర్లేదు. కానీ ఒక శాస్త్రజ్ఞుడు తాను చేసిన అణువు ఏమిటో తాను చెప్పలేకపోతే మనసు ఒప్పుకోదు కదా.

పొడుగు ఒక్కటే కాదు, అమరిక కూడా అంతే. 1933లో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీవాళ్ళకు వెయ్యికి పైగా వాతావరణ పీడనాల దగ్గర అనుకోకుండా పాలిథీన్ చిక్కింది. ఆ దారిలో వచ్చే గొలుసు నిండా కొమ్మలు ఉంటాయి. కొమ్మలున్న కట్టెలు మోపులో దగ్గరగా సర్దుకోవు. అందుకని అది మెత్తగా, సంచులకు పనికొచ్చేలా వచ్చింది. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ అదే ఇథిలీన్‌ని మామూలు పీడనం దగ్గరే, టైటానియం, అల్యూమినియం సమ్మేళనాలతో, కొమ్మలు దాదాపు లేకుండా అల్లాడు. గొలుసులు చీపురుపుల్లల్లా ఒత్తుగా సర్దుకున్నాయి. ఇప్పుడు మన మేడల మీద నీళ్ళు పట్టుకునే గట్టి డ్రమ్ములు ఆ వంశానివి. ఏడాది తిరక్కుండా మిలాన్‌లో జూలియో నట్టా ప్రొపిలీన్‌తో ఇంకా విచిత్రం చేశాడు. గొలుసుకు వేలాడే మిథైల్ గుంపులన్నీ ఒకే పక్కకు వచ్చేలా చేశాడు. అవి అటూ ఇటూ పడితే జిగురు ముద్ద, అన్నీ ఒకే వైపు ఉంటే 160 డిగ్రీలు దాటితే గాని కరగని గట్టి ప్లాస్టిక్. పరమాణువులు అవే, లెక్కా అదే. ఇద్దరికీ 1963లో నోబెల్ వచ్చింది. ఈ కథ పుస్తకాల్లో బాగానే ఉంది కాబట్టి నేనిక్కడ ఆగను. గొలుసు పక్కలను ఎలా సర్దాలో వాళ్ళు నేర్పారు. గొలుసు చివర సంగతి మాత్రం మిగిలిపోయింది.

ష్వార్ట్స్ 1909లో పోలండ్‌లో బెంజిన్ అనే ఊళ్ళో పుట్టాడు. వార్సాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివాడు. 1930ల మధ్యలో పాలస్తీనాకు వెళ్ళి, జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశాడు. యుద్ధం అయ్యాక మాంచెస్టర్‌లో మైఖేల్ పొలానీ దగ్గర చేరాడు. అక్కడ ఆయన పని రసాయన బంధాల బలం కొలవడం. పారా జైలీన్‌ని బాగా కాల్చి, బంధం ఎక్కడ తెగుతుందో చూస్తుంటే గాజు గొట్టం చల్లటి భాగంలో పల్చటి పొర ఒకటి పేరుకుంది. ఇంకొకరైతే మసి అనుకుని కడిగేసేవారేమో. ఆయన అదొక పాలిమర్ అని పట్టుకున్నాడు. ఇప్పుడు పారిలీన్ పేరుతో సర్క్యూట్ బోర్డుల మీద, ఒంట్లో అమర్చే పరికరాల మీద పూతగా వేస్తున్నది ఆ జాతిదే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తను వెతకని దాన్ని కూడా చూడగలిగిన కన్ను ఆయనది. పదేళ్ళు తిరక్కుండా అదే కన్ను మళ్ళీ పనికొచ్చింది.

1952లో అమెరికా వెళ్ళి న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ ఊళ్ళో, అటవీశాస్త్రం చెప్పే కాలేజీలో చేరాడు. అక్కడుండగా శామ్యూల్ వైస్‌మన్ అనే సెయింట్ లూయిస్ శాస్త్రజ్ఞుడితో మాటలు కలిశాయి. వైస్‌మన్‌కి పాలిమర్లతో పని లేదు, ఆయన పని నాఫ్తలీన్‌తో. నాఫ్తలీన్ అంటే మన బీరువాల్లో వేసే కలరా ఉండల పదార్థం. దానికి సోడియం నుంచి ఒక ఎలక్ట్రాన్ ఇస్తే ఆకుపచ్చని ద్రావణం వస్తుంది. ఆ అదనపు ఎలక్ట్రాన్ ఒక అణువు నుంచి ఇంకో అణువుకు ఎంత వేగంగా గెంతుతుందో ఆయన కొలుస్తున్నాడు. ష్వార్ట్స్ ఆయన్ని, ఈ ఎలక్ట్రాన్‌ని స్టైరీన్‌కి ఇచ్చి చూశారా అని అడిగాడు. చూశాను, లాభం లేదు, స్టైరీన్ పాలిమర్ అయిపోతోంది అన్నది వైస్‌మన్ జవాబు సారాంశం. ఎలక్ట్రాన్ గెంతులు కొలిచేవాడికి అది చెడిపోయిన ప్రయోగమే. ష్వార్ట్స్‌కి మాత్రం అది తలుపు తెరిచినట్టయింది.

తరవాత ఆయన, మోషే లెవీ, రాల్ఫ్ మిల్కోవిచ్ అనే విద్యార్థి కలిసి చేసిన ప్రయోగం నాకు కళ్ళకు కట్టినట్టుంటుంది, ఎందుకంటే నేనూ అదే చేశాను. గాలి తీసేసిన గాజు పాత్రలో, టెట్రాహైడ్రోఫ్యూరాన్ ద్రావణిలో, ఆకుపచ్చని సోడియం నాఫ్తలీన్ ఉంటుంది. అందులోకి స్టైరీన్ వదులుతారు. ఆకుపచ్చ రంగు చటుక్కున పోయి, పండు చెర్రీ ఎరుపు వస్తుంది. ఎలక్ట్రాన్ నాఫ్తలీన్‌ని వదిలి స్టైరీన్‌లోకి దూకిందన్నమాట. అలా ఎలక్ట్రాన్ అందుకున్న స్టైరీన్లు రెండేసి జతకడతాయి, ఆ జతకు రెండు చివరలా ఋణావేశం ఉంటుంది, రెండు చివరలా అది ఎదుగుతుంది. ఇప్పుడు మాస్టారి ప్రశ్న గుర్తుతెచ్చుకోండి. ర్యాడికల్స్ రెండు ఎదురుపడితే జతకట్టి చచ్చిపోతాయి. ఇక్కడ ప్రతి చివరా ఋణావేశమే. ఋణం ఋణాన్ని దగ్గరికి రానివ్వదు. కాబట్టి చంపడానికి ఎవరూ లేరు. స్టైరీన్ అంతా అయిపోయింది, రంగు పోలేదు. ఎరుపు అలాగే నిలిచింది. మళ్ళీ స్టైరీన్ పోశారు. ద్రావణం ఇంకా చిక్కబడింది. అంటే కొత్త గొలుసులు పుట్టలేదు, ఉన్నవే మళ్ళీ ఎదిగాయి. ఎరుపు అప్పటికీ ఉంది. వాటికి ఆయన 1956లో 'లివింగ్ పాలిమర్లు' అని పేరు పెట్టాడు. జీవ పాలిమర్లు అంటే ప్రొటీన్లతో కలిసిపోతుంది కాబట్టి నేను సజీవ పాలిమర్లు అంటూ వస్తున్నాను.

న్యాయానికి ఒక మాట చెప్పాలి. ముడి పడకుండా ఎదిగే గొలుసు అన్న ఊహ అంతకుముందు లేకపోలేదు. జీగ్లరే యుద్ధానికి ముందు క్షార లోహాలతో ఇలాంటి ఎదుగుదలను గమనించాడు. పాల్ ఫ్లోరీ 1940లోనే, గొలుసులన్నీ ఒకేసారి మొదలై, ఏదీ చావకుండా ఎదిగితే వాటి పొడుగులు ఎలా పంచుకుంటాయో లెక్క కట్టాడు. లెక్క ఉంది, తునకలు తునకలుగా ఆధారాలు ఉన్నాయి. ఇదిగో, రంగు చూడండి, ఇది బతికే ఉంది అని చూపించి, పేరు పెట్టి, దీంతో ఏమేం చెయ్యొచ్చో చెప్పినవాడు ష్వార్ట్స్.

ఫ్లోరీ లెక్క రైతుకు ఇట్టే అర్థమవుతుంది. ఒకే మడిలో ఒక మూల నాట్లు, ఒక మూల కోతలు సంవత్సరం పొడుగునా జరుగుతుంటే మొక్కలన్నీ తలో ఎత్తులో ఉంటాయి. మామూలు ర్యాడికల్ పద్ధతి అది. ఒకే రోజు నాట్లు పడి, ఒకే నీరు పారితే మడంతా ఒక ఎత్తున నిలుస్తుంది. సగటు 100 మోనోమర్లు అయితే, నూటికి తొంభై అయిదు గొలుసులు 80కీ 120కీ మధ్యనే ఉంటాయి. పైగా ఆ సగటును ముందే నిర్ణయించవచ్చు. మోనోమర్ అణువులెన్ని, గొలుసులెన్ని, భాగిస్తే సరి. 10.4 గ్రాముల స్టైరీన్ అంటే మోల్‌లో పదో వంతు. గొలుసులు మోల్‌లో వెయ్యో వంతు ఉంటే ఒక్కోదానికి 100 వస్తాయి. మాల కట్టే మనిషి పూలను లెక్కపెట్టి దారాలకు సమానంగా పంచినట్టే. ఈ భాగహారంలో నేనూ ఒకసారి బోర్లాపడ్డాను. సోడియం నాఫ్తలీన్ మోల్‌లో వెయ్యో వంతు తీసుకుని 100 వస్తుందని కూర్చుంటే 200 వచ్చింది. జతకట్టి రెండు వైపులా ఎదుగుతుంది గనక గొలుసుల సంఖ్య సగమే అని చదివి కూడా లెక్కలో మరిచాను.

అంతకంటే పెద్ద పాఠం నీరు నేర్పింది. ఋణావేశానికి నీరు మృత్యువు. ఒక్క నీటి అణువు ఒక గొలుసు చివరను చంపేస్తుంది. పైన చెప్పిన మోల్‌లో వెయ్యో వంతును మొత్తం చంపడానికి కావలసిన నీరు 18 మిల్లీగ్రాములు. ఒక చుక్క బరువు సుమారు 50 మిల్లీగ్రాములు. అంటే చుక్కలో సగం కంటే తక్కువే ప్రయోగమంతటినీ మింగేస్తుంది. మొదటిసారి నేను స్టైరీన్ వదిలినప్పుడు ఎరుపు మెరుపులా మెరిసి, రెప్పపాటులో పోయింది. నీళ్ళలాంటి ద్రావణం మిగిలింది. మళ్ళీ కట్టాను, మళ్ళీ పోయింది. మూడు వారాలు ఇదే వరస. ద్రావణిని సోడియం మీద, బెంజోఫినోన్ వేసి ముదురు నీలం తిరిగేదాకా మరిగించే దింపాను. స్టైరీన్‌నీ ఆరబెట్టాను. దొంగ ఎక్కడున్నాడో తెలీలేదు. మా గ్లాస్ బ్లోయర్ వాక్యూమ్ లైన్ చూసి, "గాజుని కాల్చారా సార్?" అన్నాడు. గాజు పొడిగా కనిపించినా దాని ఒంటి మీద కంటికి కనిపించని నీటి పొర అంటుకుని ఉంటుంది. పాత్రను వాక్యూమ్ మీద ఉంచి, అంగుళం అంగుళం మంటతో కాలిస్తేగాని అది వదలదు. అలా చేశాక కూడా, మొదట వేసే ఆకుపచ్చ చుక్కలు మిగిలిన మలినాలను తినడానికే పోతాయి. రంగు నిలిచేదాకా చుక్కచుక్కగా వేసి, నిలిచాక అసలు లెక్క మొదలుపెట్టాలి. మూడు వారాల తరవాత ఎరుపు నిలిచిన రోజు నేను ఆ రాత్రి గదికి వెళ్ళలేదు. దాని ముందే కూర్చున్నాను.

చివర బతికి ఉంటే ఏం లాభం అని పిల్లలు అడుగుతారు. పెద్ద లాభం ఇది. స్టైరీన్ అయిపోయాక వేరే మోనోమర్ పోయండి. అదే గొలుసుకు కొత్త రకం ముక్క అతుక్కుంటుంది. మల్లెలు మూరెడు, కనకాంబరాలు మూరెడు, మళ్ళీ మల్లెలు మూరెడు. వీటిని బ్లాక్ కోపాలిమర్లు అంటారు. మిల్కోవిచ్ తరవాత షెల్ కంపెనీలో పనిచేశాడు. అక్కడ ఈ పద్ధతిలోనే స్టైరీన్, బ్యూటాడయీన్, స్టైరీన్ మూడు ముక్కల గొలుసు తయారైంది. 1960ల మధ్యలో క్రేటన్ పేరుతో బజారుకు వచ్చింది. దాని తెలివి చూడండి. మధ్య ముక్క రబ్బరు. చివరి రెండు ముక్కలూ గట్టి ప్లాస్టిక్. ఈ రెంటికీ పడదు, నూనే నీరూ లాంటివి. విడిపోదామంటే ఒకే గొలుసులో కట్టేసి ఉన్నాయి. అందుకని స్టైరీన్ చివరలు ఎక్కడికక్కడ చిన్న చిన్న గుంపులుగా చేరతాయి, మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా ఉండని గుంపులు. ఆ గుంపులు రబ్బరును మేకుల్లా పట్టి ఉంచుతాయి. మామూలు రబ్బరుకు గంధకం వేసి కాల్చి శాశ్వతంగా ముళ్ళు వేస్తాం, మళ్ళీ కరగదు. దీన్ని 100 డిగ్రీలు దాటించి వేడిచేస్తే మేకులు మెత్తబడతాయి, పోత పోయొచ్చు. చల్లారితే మళ్ళీ రబ్బరు. చెప్పుల అట్టల్లోకి వెళ్ళింది, జిగురుల్లోకి వెళ్ళింది. తారులో కలిపితే ఎండకు రోడ్డు మెత్తబడి గాళ్ళు పడడం తగ్గుతుంది గనక మన జాతీయ రహదారుల మీదకీ వచ్చింది. రోహిణికార్తెలో మన ఊళ్ళ తారు ఎలా కారుతుందో తెలిసినవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు.

ఒక పక్కదారి పట్టనివ్వండి. నట్టా ఒకే వైపు తిరిగిన ప్రొపిలీన్ చేసిన 1954లోనే, మన పక్కనే మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొలాజెన్ నిర్మాణానికి మూడు పేటల నమూనా ప్రకటించారు. కొలాజెన్ మన చర్మంలో, ఎముకలో, తోలులో ఉండే ప్రొటీన్. ఆ గొలుసులో ప్రతి మూడో స్థానంలో గ్లైసీన్ ఉంటుంది, తప్పదు. అంతకంటే పెద్ద ముక్క మూడు పేటల మధ్య పట్టదు. నాకు ఈ రెండు పనులను పక్కపక్కన పెట్టి చూడడం ఇష్టం. ఒకచోట మనిషి గొలుసులోని పక్కలను ఒక క్రమంలో పెట్టడం అప్పుడే నేర్చుకుంటున్నాడు. ఇంకోచోట ఆ క్రమం ప్రతి జంతువు చర్మంలోనూ ఎప్పటినుంచో ఉందని చదువుతున్నాడు. ఇది చెప్పినప్పుడల్లా నాకు మా శాస్త్రం ఎంత చిన్నపిల్లో గుర్తొస్తుంది.

సజీవ పాలిమర్లకు ఒక ఇబ్బంది ఉండిపోయింది. నీటి చుక్కకు చచ్చేదాన్ని ఎంతమంది పెంచగలరు? పైగా ఋణావేశపు చివర చాలా మోనోమర్లను ఓర్చుకోదు. ర్యాడికల్ మొండిది. నీళ్ళలో బతుకుతుంది, రకరకాల మోనోమర్లను కలుపుకుంటుంది. పరిశ్రమలో తయారయ్యే పాలిమర్లలో పెద్ద భాగం దాని చేతి మీదుగానే వస్తుంది. కానీ రెండు ర్యాడికల్స్ కలిస్తే చస్తాయి, అది వాటి స్వభావం. వాటిని చావకుండా చెయ్యడం ఎవరి వల్లా కాదు. మరేం చెయ్యాలి?

నిద్రపుచ్చాలి. ఇది నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే అందమైన ఆలోచన. గొలుసుల్లో ఎక్కువ భాగాన్ని ఎప్పుడూ పడుకోబెట్టి ఉంచితే, ఏ క్షణంలోనైనా మెలకువగా ఉండేవి అతి కొద్ది. కొద్దిమందే తిరిగే వీధిలో ఇద్దరు ఎదురుపడడం అరుదు. ఒక్కో గొలుసు లేస్తుంది, రెండు మూడు మోనోమర్లను అందుకుంటుంది, మళ్ళీ పడుకుంటుంది. దాని మొత్తం మెలకువ కాలం ఆ పాత ఒక్క సెకనే. దాన్ని గంటల తరబడి పరిచి వాడుకుంటాం. గొలుసులన్నీ వంతులవారీగా లేస్తాయి గనక అన్నీ సమంగా ఎదుగుతాయి.

జపాన్‌లో ఒత్సు 1982లో ఈ దారిలో అడుగేశాడు. ఆస్ట్రేలియాలో సాలమన్, రిజార్డో బృందం నైట్రాక్సైడ్‌లతో గొలుసులను నిద్రపుచ్చింది. 1995లో రెండు చోట్ల, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, లోహంతో నిద్రపుచ్చే పద్ధతి వచ్చింది. క్యోటోలో మిత్సువో సవామొతో బృందం రుథీనియంతో చేసింది. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో క్షిష్టోఫ్ మాత్యషెవ్‌స్కీ, ఆయన దగ్గర పనిచేస్తున్న జిన్‌షాన్ వాంగ్ రాగితో చేశారు. మాత్యషెవ్‌స్కీ కూడా పోలండ్‌వాడే, 1950లో పుట్టాడు. ఇద్దరు పోలిష్ శాస్త్రజ్ఞులు, మధ్యలో నలభై ఏళ్ళు, ఒకే ప్రశ్న.

రాగి పద్ధతి ఇలా ఉంటుంది. గొలుసు చివర ఒక బ్రోమిన్ పరమాణువు ఉంటుంది, అదే దుప్పటి. ఒక ఎలక్ట్రాన్ తక్కువైన రాగి, అంటే కాపర్ వన్, వచ్చి ఆ బ్రోమిన్‌ని లాక్కుని కాపర్ టూ అవుతుంది. దుప్పటి పోయిన గొలుసు ర్యాడికల్ అయి లేస్తుంది. రెండు మూడు స్టైరీన్లు చేరేలోగా కాపర్ టూ బ్రోమిన్‌ని తిరిగి కప్పేస్తుంది. లేపడం కంటే పడుకోబెట్టడం చాలా వేగం. మొదట్లో కాపర్ టూ కొంచెమే ఉంటుంది, కప్పేవాళ్ళు తక్కువ గనక కొన్ని ర్యాడికల్స్ ఎదురుపడి చస్తాయి. అలా చచ్చిన ప్రతి ర్యాడికల్ వెనక, దాని బ్రోమిన్ పట్టుకున్న కాపర్ టూ ఒకటి మిగిలిపోతుంది. అది ఇక తనవాణ్ణి కప్పలేదు, మిగతావాళ్ళను కప్పుతుంది. కొద్దిమంది పోయేసరికి కాపలా పెరిగి, చావులు దాదాపు ఆగిపోతాయి. తనను తాను సర్దుకునే ఈ గుణాన్ని జ్యూరిక్‌లో హాన్స్ ఫిషర్ అంతకు కొన్నేళ్ళ ముందే లెక్కలతో సహా వివరించాడు. మొదటిసారి ఆ సమీకరణాలు చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. ఎవరూ పైనుంచి అదుపు చెయ్యనక్కర్లేదు, తొలి నష్టమే తరవాతి రక్షణ అవుతోంది.

మొదట్లో రాగి ఎక్కువ పట్టేది, పాలిమర్ పచ్చగా, నీలంగా వచ్చేది. రాగిని వదిలించడమే ఒక పని. తరవాత పిట్స్‌బర్గ్ బృందమే, పోగుపడిన కాపర్ టూని మళ్ళీ కాపర్ వన్‌గా మార్చడానికి కొద్దికొద్దిగా ఆస్కార్బిక్ ఆమ్లం వంటివి వేసి, రాగిని పది లక్షల పాళ్ళలో కొన్ని పాళ్ళకు దించింది. ఆస్కార్బిక్ ఆమ్లం అంటే ఉసిరికాయలో ఉండే సి విటమిన్. 1998లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ వాళ్ళు లోహమే లేకుండా, గంధకపు సమ్మేళనాలతో గొలుసులు దుప్పటి ఒకదానికొకటి మార్చుకునే పద్ధతి తెచ్చారు. దాని పేరు రాఫ్ట్. మా ప్రయోగశాలలో రెండూ వాడాం.

వీటిని సజీవమనాలా వద్దా అని పెద్ద వాదన నడిచింది. కొన్ని చావులు తప్పవు గనక అనకూడదని ఒక పక్షం. చివరికి 2010లో, రసాయనశాస్త్రంలో పేర్లు తేల్చే అంతర్జాతీయ సంఘం ఐయూపాక్ ఒక పొడుగాటి పేరు సిఫారసు చేసింది, తెలుగులో చెబితే 'తిరిగి లేపగలిగేలా నిద్రపుచ్చే ర్యాడికల్ పాలిమరీకరణ' అవుతుంది. నా మట్టుకు నాకు అదే సరైనదనిపిస్తుంది. ష్వార్ట్స్ పెట్టిన పేరు ష్వార్ట్స్ ఎరుపుకే ఉండనివ్వాలి. అది నిద్రపోలేదు. మోనోమర్ కోసం మెలకువగా ఎదురుచూసింది. ఆయనకు 1991లో క్యోటో బహుమతి ఇచ్చారు. నోబెల్ రాలేదు. 2000లో కాలిఫోర్నియాలో పోయాడు. మాత్యషెవ్‌స్కీకి 2011లో వుల్ఫ్ బహుమతి వచ్చింది.

ఇంత చెప్పాక, అదుపు పూర్తయిందని అనుకోకండి. పొడుగు మన చేతిలో ఉంది, ముక్కల వరుస మన చేతిలో ఉంది, ఒక నడిమి బిందువు నుంచి నాలుగు, ఆరు చేతులు చాచిన నక్షత్రంలా పెంచగలం, దువ్వెన పళ్ళలా పెంచగలం. కానీ ప్రొటీన్‌లో ఇరవై రకాల ఎమైనో ఆమ్లాలు అక్షరం అక్షరంగా, ఏ ఒక్కటీ తప్పకుండా కూర్చినట్టు, వెయ్యి మోనోమర్ల గొలుసును కిలోల్లెక్కన కూర్చడం మాకు చేతకాలేదు. కొలాజెన్‌లో గ్లైసీన్ ప్రతి మూడో చోట ఎలా పడుతుందో, అలా మా ఫ్లాస్కులో పడేలా చెయ్యాలంటే ఒక్కొక్కటిగా కలుపుతూ, కడుగుతూ పోవాలి. ఈ సభలో పాలిమర్లలోకి వచ్చే పిల్లలు ఎవరైనా ఉంటే, అక్కడ పని ఉంది.

ఇంకో చోట కూడా ఉంది. చివర బతికి ఉన్న గొలుసు ముందుకే కాదు, వెనక్కీ నడవగలదు. పెర్‌స్పెక్స్ అనే అద్దంలాంటి ప్లాస్టిక్ ఉంది కదా, దాన్ని మామూలుగా మోనోమర్‌గా విప్పాలంటే 400 డిగ్రీల దాకా కాల్చాలి. 2022లో జ్యూరిక్‌లో అథీనా అనస్తసాకి బృందం రాఫ్ట్ పద్ధతిలో కట్టిన అదే జాతి పాలిమర్‌ను 120 డిగ్రీల దగ్గరే, దాని చివరి దుప్పటి తీసి, 92 శాతం దాకా మోనోమర్‌గా వెనక్కి తెచ్చింది. చాలా పలుచని ద్రావణంలోనే చేశారు, ఫ్యాక్టరీకి ఇంకా దూరం ఉంది. అయినా చెత్తకుప్పల పక్కన బతుకుతున్న మనకు ఆ 120 అన్న అంకె ఆశ కలిగించేదే. చివర చచ్చిపోయిన గొలుసుకు ఆ దారి మూసుకుపోతుంది.

మాస్టారు రిటైరయ్యాక ఒకసారి నేను పనిచేసే చోటికి వచ్చారు. ఏదో పెళ్ళికి ఆ ఊరు వచ్చి, రాత్రి బండికి ఇంకా టైముందని నేరుగా ల్యాబుకే వచ్చేశారు. ఆయనకు చూపించాలని నేను గాజు గొట్టం ఒకటి సిద్ధం చేశాను. అందులో స్టైరీన్ కాదు, దాని చెల్లెలు, ఆల్ఫా మిథైల్ స్టైరీన్. ఆ గొలుసుకు చలిలో ఎదగడమే ఇష్టం. గది వేడికి మళ్ళీ విడిపోతుంది. గొట్టం ఎర్రగా, నీళ్ళలా పలచగా ఉంది. "ఇందులో గొలుసులు బతికే ఉన్నాయండీ, కానీ పొట్టివి" అన్నాను. డ్రై ఐస్ వేసిన పళ్ళెంలో ఉంచాను. ఇద్దరం టీ తాగాం. తీసి వంచితే తేనెలా బరువుగా కదిలింది. ఎరుపు అలాగే ఉంది. ఆయన గొట్టాన్ని తువ్వాలులో చుట్టి పట్టుకున్నారు. పది నిమిషాలకోసారి తువ్వాలు విప్పి, కిటికీ వెలుగులో వంచి చూశారు. మెల్లమెల్లగా పలచబడి, చివరికి నీళ్ళలా జారింది.

"విప్పుకుందా?"

"విప్పుకుందండీ."

"ముడి వెయ్యలేదన్నమాట."

"లేదండీ. మనం నీళ్ళో, ఆల్కహాలో పోస్తేనే ముడి."

ఆయన గొట్టాన్ని నా చేతికి ఇవ్వలేదు. తనే లేచి వెళ్ళి మళ్ళీ డ్రై ఐస్‌లో దించారు. బండి టైమవుతోందని నేను రెండుసార్లు గుర్తుచేశాను.